'ఇతర చెట్లు' అనే చెట్టు ఏ చేనులోనూ లేదు

మాఘమాసంలో ఒక ఊరి నుంచి మాకు కబురొచ్చింది. గోదావరిఖనికి బస్సులో గంట దూరం. ఆ ఊరి భూములు కొన్ని భూసేకరణలో పోతున్నాయి. ఒక రైతు ఇంటి ముందర కట్టెల కుప్ప ఉంది, వచ్చి చూడండి అన్నారు. కట్టెల కుప్ప చూడటానికి సంఘం వాళ్ళు ఎందుకని మొదట అనుకున్నాం. వెళ్ళి చూశాక ఈ నెల సంపాదకీయం దాని మీదే రాయాలనుకున్నాం.

జరిగింది ఇది. ఆ రైతు తండ్రి రెండేళ్ళ కింద పోయాడు. కొడుకు గనిలో కాంట్రాక్టు పని చేస్తాడు, చేను కౌలుకిచ్చాడు. భూమి పోతుందన్న మాట వినగానే, పోయే భూమిలో చెట్లెందుకు వదలాలి, కనీసం పొయ్యిలోకన్నా పనికొస్తాయి అనుకుని గట్ల మీదివీ వాగొడ్డువీ పదకొండు చెట్లు కొట్టించి ఇంటికి తోలించాడు. ఆ తర్వాత చెట్ల లెక్క రాసేవాళ్ళు వచ్చారు. చేనులో మోళ్ళున్నాయి, ఇంటి ముందర మొద్దులున్నాయి. ఏ మోడు ఏ చెట్టుదో, ఏ మొద్దు ఏ జాతిదో చెప్పమన్నారు. కొడుకు రెండు వేపలు, ఒక టేకు చూపించగలిగాడు. మిగతావి తెలియవన్నాడు. కాగితం మీద వేప రెండు, టేకు ఒకటి, ఇతర చెట్లు ఎనిమిది అని పడింది.

మేము ఆ ఊరి పెద్ద వడ్రంగిని వెంటబెట్టుకుని కుప్ప ముందర కూర్చున్నాం. ఆయన గొడ్డలితో ఒక్కో మొద్దు కొసను చెక్కి చూసి అయిదు చెప్పాడు. నల్లతుమ్మ రెండు, నల్లమద్ది ఒకటి, చింత ఒకటి, ఏగి ఒకటి. మూడింటి దగ్గర ఆగిపోయాడు. "ఇవి నా పనికొచ్చే కర్రలు కావు, నేనెప్పుడూ పట్టుకోలేదు" అన్నాడు. మేమూ నోరెళ్ళబెట్టి నిలబడ్డాం. ఊరూరా తిరిగి రైతు హక్కుల గురించి మాట్లాడే మాకు, రైతు చేనులో మొలిచిన మూడు చెట్ల పేర్లు రాలేదు. ఆ మూడు మొద్దుల సంగతి చివర చెబుతాం. ముందు పేరు ఎందుకు ముఖ్యమో చూద్దాం.

పేరు పోతే ఏం పోతుంది?

2013 భూసేకరణ చట్టం ప్రకారం పరిహారమంటే భూమి ధర ఒక్కటే కాదు. 27వ సెక్షన్ ప్రకారం భూమిని అంటిపెట్టుకుని ఉన్న ఆస్తులన్నిటి విలువా అందులో కలవాలి. చెట్లు ఆ ఆస్తుల్లోవే. అట్లా కలిపిన మొత్తం మీద 30వ సెక్షన్ కింద నూరు శాతం సొలేషియం రావాలి. అంటే చెట్టు విలువ తక్కువ రాస్తే నష్టం రెండింతలవుతుంది. పది రూపాయల చెట్టును రెండు రూపాయలుగా రాస్తే పోయేది ఎనిమిది కాదు, పదహారు.

చెట్టు విలువ దేన్నిబట్టి కడతారు? జాతి, చుట్టుకొలత, పొడవు. పండ్ల చెట్టయితే కాపు, వయసు. వీటిలో మొదటిది జాతి. జాతి తెలియకపోతే మిగతా కొలతలు ఎంత సరిగ్గా ఉన్నా లెక్క కిందికే పోతుంది. నల్లమద్ది దూలానికి పనికొచ్చే కర్ర. నల్లతుమ్మ నాగలికీ బండి చక్రానికీ పనికొచ్చే కర్ర. ఏగి తలుపులకూ సామానుకూ పనికొచ్చే కర్ర. ఈ మూడూ 'ఇతర' గడిలో చేరితే ఒకే ధర, పొయ్యి కట్టెల ధర.

కొట్టడంలో ఇంకో చిక్కు ఉంది. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం, మనం వాల్టా అనుకునేది, సొంత పట్టాలో చెట్టు కొట్టాలన్నా ముందు అనుమతి కావాలంటుంది. కొన్ని జాతులకు మినహాయింపు ఉంది. ఆ మినహాయింపు కూడా పేరు మీదే నడుస్తుంది. బండిలో పోతున్న మొద్దు నీలగిరా, టేకా అన్నదాన్నిబట్టే దారిలో ఆపినవాళ్ళ మాట మారుతుంది. పేరు చెప్పలేని రైతు అక్కడా దోషిగానే నిలబడాలి. అందుకే మొదటే చెబుతున్నాం. లెక్క రాయకముందు చెట్టు మీద గొడ్డలి వేయకండి. పోయే భూమే కదా అని కొట్టినవాళ్ళకు అటు పరిహారం పోతుంది, ఇటు కేసు భయం పట్టుకుంటుంది.

మొద్దును చదివిన నేల ఇది

మన ప్రాంతానికి మొద్దుల చదువు కొత్తది కాదు. భూగర్భ గనుల్లో పైకప్పు కింద కర్ర దిమ్మలు నిలబెట్టిన కాలం మన పెద్దవాళ్ళు చూశారు. టింబర్‌మన్ అనే ఉద్యోగమే ఉండేది. ఇప్పుడు ఇనుప ప్రాపులూ రూఫ్ బోల్టులూ వచ్చాయి. కర్ర దిమ్మకు ఒక గుణముండేది. పైన బరువు పెరుగుతుంటే విరగకముందు అది చిటపటమంటుంది. ఆ చప్పుడు విని పక్కకు తప్పుకుని ప్రాణాలు దక్కించుకున్న కార్మికులు ఎందరో. ఏ కర్ర నిలబడుతుంది, ఏ కర్ర చప్పుడు చేయకుండా విరుగుతుంది అన్నది వాళ్ళకు బతుకు ప్రశ్న. ఆ కార్మికులు ఎక్కువమంది మన రైతు కుటుంబాల వాళ్ళే. చేనులో చెట్టునూ గనిలో దిమ్మనూ ఒకే కన్నుతో చూశారు.

ఇప్పుడు ఓపెన్‌కాస్టులొచ్చి గనిలో కర్ర పని పోయింది. ట్రాక్టరొచ్చి నాగలి పోయింది, ఎడ్లబండి పోయింది. గ్యాసొచ్చి పొయ్యి కట్టె తగ్గింది. ఇవి రావడం తప్పని మేము అనడం లేదు. కట్టెల మోపు మోసిన ఆడవాళ్ళ మెడలకు గ్యాసు ఎంత ఊరటో మాకు తెలుసు. కానీ పనితో పాటు పేర్లు కూడా పోతున్నాయి. ఊరికి ఊరే లేచి పునరావాస కాలనీకి పోయినప్పుడు చెట్టూ దాని పేరూ ఒకేసారి పోతాయి. పేరు పోయిన చెట్టుకు ధర అడిగేవాడు ఉండడు.

మొద్దును చూడటం ఎట్లా?

వడ్రంగి దగ్గరా, అడవిని ఎరిగిన నాయకపోడు, కోయ, గోండు పెద్దల దగ్గరా, మన ఇళ్ళలో ఆడవాళ్ళ దగ్గరా విన్నది, కర్రల గురించి పుస్తకాల్లో ఉన్నది కలిపి కిందిది రాస్తున్నాం. యువకులు చదివి, ఇంటి వెనుక కట్టెల మీద పరీక్షించి చూడాలి.

మొదట బెరడు. నల్లమద్ది బెరడు నల్లగా, లోతుగా, పలకలు పలకలుగా పగిలి మొసలి వీపులా ఉంటుంది. తెల్లమద్ది బెరడు నున్నగా, పాలిపోయి, పెచ్చులుగా ఊడుతుంది. వాగుల వెంట పెరిగేది ఇదే. రెంటినీ 'మద్ది' అని ఒకే మాటతో రాయించుకోవద్దు. చిరుమాను బెరడు బూడిద తెలుపు, నున్నన. తునికి బెరడు కాలిన కట్టెలా నల్లగా, చిన్న చిన్న పలకలుగా పగిలి ఉంటుంది. బెరడున్న మొద్దు సగం పేరు చెప్పినట్టే. అందుకే మొద్దుల బెరడు ఒలవకండి.

రెండోది కోత ముఖం. రంపపు కోత మీద ఏమీ కనపడదు. పదునైన కత్తితో ఆ ముఖాన్ని ఒక అంగుళం మేర నున్నగా చెక్కి, కాస్త నీళ్ళతో తడిపి చూడాలి. మధ్యలో ముదురు రంగు చేవ, చుట్టూ లేత రంగు కర్ర కనిపిస్తాయి. చేవ రంగు, చేవ ఎంత వెడల్పు, రెంటి మధ్య గీత స్పష్టంగా ఉందా, ఒకదాంట్లో ఒకటి కలిసిపోయిందా అన్నవి గుర్తులు. చింతకు చుట్టూ లేత పసుపు కర్ర చాలా వెడల్పు, మధ్యలో చిన్న చేవ ముదురు ఊదా గోధుమ రంగులో వంకరటింకరగా ఉంటుంది. నల్లతుమ్మ చేవ ఎరుపు గోధుమ. జిట్రేగి చేవ ఊదా ఛాయలో నల్ల చారలతో ఉంటుంది. బిల్లుడు పసుపు పచ్చగా పట్టులా మెరుస్తుంది. ముదిరిన తునికికి మధ్యలో నల్లటి చేవ ఉంటుంది, లేత తునికిలో అది ఉండకపోవచ్చు.

అదే ముఖం మీద సూది మొనతో పొడిచినట్టు చిన్న రంధ్రాలు కనిపిస్తాయి. చెట్టు బతికి ఉన్నప్పుడు నీళ్ళు పైకి పోయిన గొట్టాలవి. టేకులో ప్రతి వలయం మొదట్లో పెద్ద రంధ్రాలు వరుసగా ఉండి, కంటికే కనిపిస్తాయి. అందుకే టేకు వలయాలు లెక్కపెట్టి వయసు చెప్పగలం. చాలా చెట్లలో రంధ్రాలు ముఖమంతా చెదిరి ఉంటాయి, వలయాలు మసకగా ఉంటాయి. కర్రను గుర్తించే నిపుణులు పని మొదలుపెట్టేది కూడా ఇక్కడే. పదింతలు పెద్దదిగా చూపే చిన్న భూతద్దం, ఒక పదునైన కత్తి వాళ్ళ మొదటి పనిముట్లు. మన గ్రామ కమిటీ కొనలేనంత ఖరీదైనవేమీ కావు.

మూడోది బరువు. పచ్చి మొద్దులో నీళ్ళుంటాయి గనుక బరువు మోసం చేస్తుంది. ఆరిన ముక్కను చేతిలో పట్టి చూడాలి. ఆరిన టేకు ఘనమీటరుకు సుమారు 650 కిలోలు తూగుతుంది. నారేపి అయితే వెయ్యి కిలోలు దాటుతుంది, నీళ్ళలో వేస్తే మునుగుతుంది. మరోవైపు నిర్మల్ బొమ్మలు చెక్కే పొణికి కర్ర చిన్నపిల్లవాడు ఎత్తగలిగేంత తేలిక.

నాలుగోది వాసన, జిగురు, పాలు. టేకు తోలు వాసన వేస్తుంది, చేతికి నూనె తగిలినట్టుంటుంది. ఇప్ప బెరడుకు గాటు పెడితే పాలు కారతాయి. మర్రి, మేడి, రావిలోనూ పాలుంటాయి, కానీ వాటి కర్ర ఇప్ప చేవలా ఎర్రగా, గట్టిగా ఉండదు. మోదుగకూ ఏగికీ గాటు పెడితే రెంటికీ ఎర్రటి జిగురే వస్తుంది. ఇక్కడ చాలామంది పొరపడతారు. మోదుగ కర్ర మెత్తగా, మాసిన తెలుపు. ఏగి చేవ గట్టిగా, పసుపు గోధుమ. ఇంకా అనుమానముంటే ఏగి పేళ్ళను గాజు గ్లాసులో నీళ్ళలో వేసి ఉంచండి. నీళ్ళు పసుపు రంగుకు తిరిగి, ఎండలో పెడితే అంచున నీలిరంగు మెరుపు కనిపిస్తుంది. షుగరు జబ్బుకని బజారులో అమ్మే కర్ర గ్లాసులు ఈ చెట్టువే.

అయిదోది మంట. ఇది ఆడవాళ్ళ చదువు. ఏది నిలిచి కాలుతుంది, ఏది పొగ పెడుతుంది, ఏది నిప్పురవ్వలు విసురుతుంది, ఏ బొగ్గు తెల్లారేదాకా ఆరదు అన్నది మగవాళ్ళకు తెలియదు. జాబితా రాసేవాళ్ళకు అసలే తెలియదు.

ఒక హెచ్చరిక. తెలియని మొద్దును నాకి చూడకండి, దాని పాలు చర్మానికి తగలనివ్వకండి. నల్లజీడి చెట్టు రసం తగిలితే ఒళ్ళు బొబ్బలెక్కుతుంది, కాల్చినా ఆ పొగ మంచిది కాదు. బిల్లుడు పొట్టుతో కూడా కొందరికి చర్మం దద్దుర్లు లేస్తుంది.

కవలల్లాంటి చెట్లు, కలిసిపోయే పేర్లు

జాబితాల్లో ఎక్కువ తప్పులు పేర్ల దగ్గరే వస్తున్నాయి. తుమ్మ అని రాస్తారు. నల్లతుమ్మా, తెల్లతుమ్మా, సర్కారు తుమ్మా? నల్లతుమ్మ బెరడు నల్లగా నిలువు చీలికలతో ఉంటుంది, తెల్లతుమ్మది తెలుపు పసుపు కలిసిన బెరడు. సర్కారు తుమ్మ ఎవరూ నాటకుండా బంజరంతా పరుచుకున్నది. నలభై ఏళ్ళ నల్లతుమ్మను సర్కారు తుమ్మ లెక్కలో రాస్తే నాటిన తాతకు కూడా అన్యాయమే.

వేప అని రాస్తారు. వేప చేవ ఎరుపు గోధుమ, గట్టిది. తురకవేప కర్ర అంతకంటే తేలిక, వలయాలు స్పష్టం. నారేపిని కూడా వినేవాడు వేప అని రాసేయవచ్చు, మన నోట 'యాప', 'యేపి' దగ్గర దగ్గరగా పలుకుతాయి గనుక. మన దేశపు కర్రల్లో చాలా బరువైన వాటిలో ఒకటి అట్లా వేపగా మారిపోతుంది. గుమ్మడి టేకు పేరులో టేకు ఉంది గానీ అది టేకు కాదు. పాలిపోయిన కర్ర, చేవకూ చుట్టూ ఉన్న కర్రకూ రంగు తేడా పెద్దగా ఉండదు, టేకు వాసన ఉండదు. ఇక్కడ మనమూ నిజాయితీగా ఉండాలి. తక్కువ రాస్తే కొట్లాడే మనం, గుమ్మడి టేకును టేకుగా రాయించుకోకూడదు. ఒక్క అబద్ధం దొరికితే ఊరందరి జాబితా మీదా అనుమానం వస్తుంది.

ఊరికొక పేరున్న చెట్లు కూడా ఉన్నాయి. అందుకని జాబితాలో తెలుగు పేరు, ఊళ్ళో పిలిచే పేరు, అటవీ శాఖ వాడే శాస్త్రీయ నామం మూడూ ఉండాలని అడగాలి.

మొద్దు చెప్పలేనిది ఆకు చెబుతుంది

మొద్దును ఎంత చదివినా ఒక హద్దు ఉంది. నిపుణుడు కూడా చాలాసార్లు ఇది ఫలానా కుటుంబపు చెట్టు, ఫలానా రెండు మూడింటిలో ఒకటి అనే దాకానే చెప్పగలడు. డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధన సంస్థలో, 1906 నుంచి పనిచేస్తున్న చోటు అది, వేల కర్ర నమూనాలు దాచి పెట్టారు. తెలియని ముక్కను తెలిసిన ముక్క పక్కన పెట్టి పోల్చడమే వాళ్ళ పద్ధతి. బెంగుళూరులో కూడా కర్ర శాస్త్రానికి ఒక కేంద్ర సంస్థ ఉంది. కోర్టు దాకా పోయిన తగాదాలో అట్లాంటి చోటి నివేదిక విలువైన సాక్ష్యం.

కర్ర సాక్ష్యం చెప్పడం కొత్త కాదు. అమెరికాలో 1935లో ఒక పిల్లవాడి అపహరణ, హత్య కేసు విచారణలో ఆర్థర్ కోలర్ అనే కర్ర నిపుణుడు, దొంగ వాడిన నిచ్చెనలోని కర్రలు ఏ జాతివో చెప్పడమే కాదు, అందులో ఒక ముక్క నిందితుడి అటక చెక్కలోంచి కోసిందని గీతలూ మేకు రంధ్రాలూ పోల్చి చూపించాడు. నిచ్చెన కర్రకే అంత గొంతు ఉన్నప్పుడు, మన చేనులో యాభై ఏళ్ళు నిలబడ్డ చెట్టు మొద్దుకు ఉండదా? ముక్క దాచాలి, అంతే.

ఇక ఆకు సంగతి. మన కాళ్ళ కిందున్న బొగ్గు కూడా ఒకప్పటి చెట్టే. 25 కోట్ల ఏళ్ళకు పైబడిన కాలం నాటి అడవి. బొగ్గు ముద్దను కంటితో చూసి అది ఏ చెట్టో ఎవరూ చెప్పలేరు. కానీ బొగ్గు పొరల మధ్య రాతిలో అచ్చుపడిన నాలుక ఆకారపు ఆకు చూసి శాస్త్రజ్ఞులు దానికి గ్లోసోప్టెరిస్ అని పేరు పెట్టారు. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ చనిపోయిన స్కాట్ బృందం చివరిదాకా లాక్కొచ్చిన పదహారు కిలోల రాళ్ళలోనూ అదే ఆకు దొరికింది. కోట్ల ఏళ్ళ తర్వాత కూడా చెట్టు పేరు చెప్పింది ఆకే. మనమేమో పచ్చగా ఉన్న చెట్టును ఆకు దాచకుండా కొట్టి, మొద్దు ముందర కూర్చుని పేరు అడుగుతున్నాం.

గొడ్డలి కంటే ముందు నోటుబుక్కు

కాబట్టి ప్రతి గ్రామ కమిటీ చేయాల్సిన పనులివి. భూసేకరణ మాట వినపడ్డ ఊళ్ళోనే కాదు, ప్రతి ఊళ్ళో.

ప్రతి రైతూ ఒక నోటుబుక్కులో సర్వే నంబరు వారీగా చెట్లు రాసుకోవాలి. పేరు, గట్టు మీదనా వాగొడ్డునా, ఎవరు నాటింది, ఎన్నేళ్ళది, ఏటా ఏం ఇస్తుంది. నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తున, అంటే మనిషి రొమ్ము ఎత్తున, టేపుతో చుట్టుకొలత తీయాలి. ఒక ఆకు కొమ్మ పాత పేపర్ల మధ్య పెట్టి ఆరబెట్టాలి. పువ్వో కాయో ఉంటే ఇంకా మంచిది. ఫోన్లో మూడు ఫొటోలు తీయాలి. చెట్టు మొత్తం, బెరడు, ఆకు. పక్కన రైతు నిలబడితే చాలు, ఎత్తు కూడా తెలుస్తుంది.

గాలివానకో ఇంకోదానికో చెట్టు పడిపోతే, మొద్దు కొస నుంచి రెండు వేళ్ళ మందం బిళ్ళ బెరడుతో సహా కోసి, పేరూ తేదీ రాసి నీడన ఆరబెట్టి దాచాలి. మోడును తవ్వకండి. చాలా చెట్లు మోడు నుంచి చిగురిస్తాయి, ఆ చిగురే పేరు చెబుతుంది.

మొద్దు కొలతల్లో కూడా మెలకువ కావాలి. కలప లెక్కలో మన దగ్గర చుట్టుకొలతలో నాలుగో వంతును దానితోనే హెచ్చించి, పొడవుతో హెచ్చించే పద్ధతి పాతది. 1.2 మీటర్ల చుట్టుకొలత, 3 మీటర్ల పొడవున్న మొద్దు ఈ లెక్కలో 0.27 ఘనమీటరు. కానీ గుండ్రటి మొద్దు అసలు ఘనపరిమాణం 0.34 దాటుతుంది. అంటే ఈ పద్ధతి నూటికి 78 పాళ్ళే లెక్కగడుతుంది. మీ లెక్క ఏ పద్ధతిలో కట్టారో రాతపూర్వకంగా అడగండి.

జాబితా చదివి వినిపించకుండా సంతకం పెట్టకండి. 'ఇతర' అన్న మాట ఎక్కడ కనపడినా ఏ చెట్టో రాయమనండి. అవార్డు మొత్తం తక్కువైతే, డబ్బు తీసుకునేటప్పుడు అభ్యంతరంతో తీసుకుంటున్నట్టు రాసి తీసుకోండి. అభ్యంతరం చెప్పకుండా తీసుకున్నవాళ్ళకు ఆ తర్వాత అప్పీలు హక్కు ఉండదు. 64వ సెక్షన్ కింద అథారిటీకి పంపమని అడగడానికి, అవార్డు ఇచ్చినప్పుడు ఎదుట ఉన్నవాళ్ళకు గడువు ఆరు వారాలే.

ప్రభుత్వాన్ని మనం అడగాల్సింది ఒకటుంది. అదే చట్టం 29వ సెక్షన్, చెట్ల విలువ కట్టడానికి వ్యవసాయం, అడవులు, ఉద్యానం, పట్టు పరిశ్రమ, ఇంకా అవసరమనుకున్న ఏ రంగంలోనైనా అనుభవమున్న వ్యక్తుల సేవలు కలెక్టరు వాడుకోవచ్చంటుంది. డిగ్రీ ఉన్నవాళ్ళని కాదు, అనుభవమున్నవాళ్ళని రాసింది. కాబట్టి చెట్ల లెక్క రాసే రోజు ఆ ఊరి వడ్రంగి, అడవిని ఎరిగిన ఒక పెద్దమనిషి, కట్టెలు తెచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు ఆ బృందంతో ఉండాలి. ఇది దయ చూపమని అడగడం కాదు. 2024 మార్చిలో పాపికొండల అడవుల్లో నల్లమద్ది చెట్టు బుడిపెకు గాటు పెడితే నీళ్ళు ధారకట్టిన వార్త అందరం చూశాం. అటవీ అధికారులు ఆ చెట్టు దగ్గరికి వెళ్ళింది కొండరెడ్ల దగ్గర విన్నదాన్నిబట్టే. అక్కడ పనికొచ్చిన అనుభవం పరిహారం లెక్కలో ఎందుకు పనికిరాదు?

ఆ మూడు మొద్దులు

మొదట చెప్పిన ఆ ఇంటి ముందరికి మళ్ళీ వద్దాం. వడ్రంగి ఆగిపోయాడు, మేము ఆగిపోయాం. ఆ రైతు తల్లి అందరికీ చాయ తెచ్చి, కుప్ప పక్కన నిలబడి చాలాసేపటి నుంచి వింటోంది. ఎవరమూ ఆమెను అడగలేదు. చివరికి ఆమే ముందుకొచ్చి ఒక మొద్దు బెరడు గోటితో లాగింది. లోపల ఎర్రటి నార వచ్చింది. "ఇది గుంపెన గదా. పొయ్యిల వెడితె పొగనే, మంట రాదు. కంచెకు కొమ్మ పాతితె మాత్రం సిగురిస్తది" అంది. రెండోది సన్నటి మొద్దు. "ఇది తునికి. కాలుతుంటె సిటసిటమని నిప్పులెగుర్తయి, పిల్లల్ని దగ్గరికి రానీయకపోదును." మూడోదాన్ని తిప్పి తిప్పి చూసింది. బెరడంతా ఊడిపోయి ఉంది. "వాగొడ్డుదా ఇది? దగ్గు లేస్తె మీ నాయిన ఆడికే వొయ్యి కాయ తెచ్చేటోడు బిడ్డా. కరక్కాయ. గా చెట్టే కావచ్చు" అంది కొడుకుతో. కొడుకు తల వంచుకున్నాడు.

కావచ్చు అన్న మాట కాగితం మీద నిలవదు. వాగొడ్డున మోడు చుట్టూ ముళ్ళకంప వేసి కాపాడమన్నాం. ఉగాది నాటికి మోడు చిగురించింది. లేత ఆకులు మెరిసే నూగుతో వచ్చాయి, ఆకు కాడ పైభాగాన చిన్న బుడిపెలు. కరకే. ఏటా కాయనిచ్చిన చెట్టు, 'ఇతర'లో ఎనిమిదింట ఒకటిగా పోవాల్సింది. ఎనిమిది పేర్లతో, ఎనిమిది బిళ్ళలతో, చిగురు ఫొటోతో ఆ కుటుంబం అర్జీ పెట్టుకుంది. జవాబు ఇంకా రాలేదు. వచ్చేదాకా మన సంఘం వెంట ఉంటుంది.

భూమి పోవడం మన చేతిలో ఉన్నా లేకపోయినా, దాని మీద ఏమున్నదో పేరుపెట్టి చెప్పడం మన చేతిలో ఉంది. ఈ నెల గ్రామ కమిటీ సమావేశాలకు ప్రతి సభ్యుడూ తన ఇంటి కట్టెల్లోంచి ఒక ముక్క తీసుకురావాలి. తెచ్చినవాళ్ళే కాదు, ఆ కట్టె మోసిన అమ్మలూ అక్కలూ కూడా రావాలి. ఈసారి ముందు వాళ్ళనే అడుగుదాం.